మామయ్యకు చూపించాల్సిన నీళ్లు

తిమీమూన్,
9 జనవరి 1982

యమ్నా అక్కకు,

నీకూ, మిలూద్ బావకూ, మీ గుమ్మం తొక్కే ప్రతివాళ్లకూ శాంతి కలగాలి. మేం బాగానే ఉన్నాం. నిన్న కాలువకు అడ్డంగా చిల్లుల రాగి రేకు పెట్టి, ఎన్ని చిల్లుల నీళ్లు వస్తున్నాయో కొలిచాను. పోయిన నెల కన్నా రెండు చిల్లులు ఎక్కువ మూయాల్సి వచ్చింది. చలికాలంలో ఇలా తగ్గడం, నేను రోజువారీ పుస్తకం రాయడం మొదలుపెట్టాక ఇది మూడోసారి.

ఈ ఉత్తరం నీళ్ల గురించి కాదు. బర్కా మామయ్య కళ్ల గురించి.

ఏడాదికోసారి వచ్చే కళ్ల డాక్టరు పోయిన నెల మా ఆసుపత్రికి వచ్చాడు. ఎవరో బావి తవ్వకం గురించి అడుగుతున్నారని అబద్ధం చెప్పి మామయ్యను తీసుకెళ్లాను. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తోందనీ, వేసవి లోపల మొత్తం పోతుందనీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మామయ్య బయటికొచ్చి, "కళ్లలోకి లైటు కొట్టాడు గానీ బావి మాట ఎత్తలేదేంరా వాడు" అన్నారు.

ఆ సాయంత్రం మూడో గ్లాసు టీ పోస్తుంటే ఆయన ఒక మాటన్నారు. "ఎవరూ పంచక్కర్లేనన్ని నీళ్లున్నాయని రాస్తుంది కదా మీ అక్క. ఒకసారి అక్కడికి పోదామా." ఆయన నోటి నుంచి కోరిక అనేది వినడం నా యాభై రెండేళ్లలో ఇదే మొదలు. తారీఖు వేసి పుస్తకంలో రాసుకున్నాను.

నాన్న మీద బావి కూలిన ఏడాది నుంచి మనిద్దరినీ సాకిన మనిషి. యాభై ఏళ్లు భూమి కింద పాక్కుంటూ, పొట్టిపిడి పలుగుతో ఊరికి నీళ్లు తెచ్చిన మనిషి. చూపుండగానే ఆయనకు సముద్రం చూపించాలి. ఇది నా పని అనుకుంటున్నాను.

స్కూలు మాస్టారు వదిలి వెళ్లిన అట్లాసులో దారి మీద ఎర్ర దారం పరిచి కొలిచాను. వంద కిలోమీటర్లకో ముడి వేస్తే పన్నెండు ముళ్లు, పైన సగం. ఖర్జూరాల లోడు తోలే హమ్మూ తన పికప్‌లో తీసుకెళ్తానన్నాడు. మొదటి రోజు ఎల్ గోలియా, రెండో రోజు గర్దాయా, తర్వాత లగ్వాత్, జెల్ఫా. ఎక్కడ ఎలాంటి నీళ్లు దొరుకుతాయో రాసిపెట్టుకున్నాను. జెల్ఫాలో పొద్దున పూట బకెట్లో నీళ్లు రాయిలా ఉంటాయని హమ్మూ అంటాడు. అది రాయలేదు.

నిన్ను ఒకటి అడగాలి. సముద్రానికి ఏ చివర ఎత్తు? నీళ్లు వచ్చే వైపు ఏది, పోయే వైపు ఏది? అట్లాసులో అంతా ఒకే నీలం పూశారు. అడగడానికి సిగ్గుగానే ఉంది. కానీ ముప్ఫై ఏళ్లుగా నీళ్లు కొలిచేవాణ్ణి, ఏమీ తెలియకుండా దాని ముందు నిలబడకూడదు.

నీ తమ్ముడు,
బూజెమా


షెర్షెల్,
25 జనవరి 1982

తమ్ముడు బూజెమాకు,

నీ ఉత్తరం వచ్చేసరికి సార్డీన్ చేపలు శుభ్రం చేస్తున్నాను. చేతులు కడుక్కునే ఓపిక లేక అలాగే విప్పాను. ఇప్పుడు నీ ఉత్తరం నిండా పొలుసులే. మీ బావ దాన్ని వెలుతురుకు పట్టి, "మీ తమ్ముడు వెండి కాయితం మీద రాస్తున్నాడేమిటి" అని వెక్కిరిస్తున్నారు.

రండి. ఇంకేం రాయను. రండి, అంతే.

నువ్వడిగినదానికి చెబుతున్నాను. దీనికి ఎత్తూ లేదు, పల్లమూ లేదు. వచ్చే వైపు లేదు, పోయే వైపు లేదు. పెళ్లయి వచ్చిన రోజు నేనూ నీలాగే, ఈ నీళ్లు ఎవరివని అడిగాను. మా అత్తగారు నవ్వీ నవ్వీ గోడకు చేరబడిపోయింది. బొట్టు బొట్టూ రేకు చిల్లుల్లోంచి పంచుకునే ఊరి నుంచి వచ్చినదాన్ని, మరెలా అడుగుతాను?

దూరాన ఒక గీత ఉంటుంది. నీ రాగి రేకు అంచు పెట్టి ఎవరో గీసినంత తిన్నగా. పడవలో రోజంతా పోయినా అది అంతే దూరంలో ఉంటుందట. దాని వెనక ఏముందంటే ఇంకా నీళ్లే అంటారు. ముప్ఫై అయిదేళ్లయింది బూజెమా, ఇవాళ్టికీ పొద్దున కిటికీ తలుపు తీయగానే నాకు ఒక్క క్షణం ఊపిరి నిలిచిపోతుంది. ఎవరికీ చెప్పను. ఇక్కడివాళ్లకు అది వీధి లాంటిది.

దాని చప్పుడు ఆగదు. కొత్తలో నెల రోజులు నిద్ర లేదు. ఎవరో కాలువకు అడ్డు వేయడం మర్చిపోయారు, నీళ్లన్నీ వృథాగా పోతున్నాయని ఉలిక్కిపడి లేచేదాన్ని. మామయ్యకు పడుకునే గది వెనక వైపు ఇస్తాను.

జెల్ఫా సంగతి హమ్మూ చెప్పింది నిజమే. తల దాకా కప్పే ఉన్ని బుర్నూసులు తెచ్చుకోండి. మెదియా దగ్గర పొగమంచులో బండి నెమ్మదిగా తోలమను. షిఫ్ఫా కనుమలో కోతులుంటాయి, ఖర్జూరాల సంచి మూతి కట్టి ఉంచు. మామయ్య వాటితో తగువు పెట్టుకోకుండా చూడు.

ముఖ్యమైన విషయం. ఏ తారీఖున వస్తారు, ఎన్ని రోజులుంటారు, ఏ తారీఖున తిరిగి బయల్దేరతారు? ఇది మాత్రం ఖచ్చితంగా రాయి. నాకు చాలా అవసరం.

ఎదురుచూపులతో మీ అక్క,
యమ్నా


తిమీమూన్,
11 ఫిబ్రవరి 1982

అక్కకు,

నీ ఉత్తరం అందింది. మామయ్యకు చదివి వినిపించాను.

ప్రయాణం కొన్నాళ్లు ఆగేలా ఉంది. హమ్మూ బండికి ఏదో పని ఉందంటున్నాడు. ఇక్కడ గాలులు కూడా మొదలయ్యాయి.

నీళ్లు పోయిన నెల ఉన్నట్టే ఉన్నాయి. ఎదురింట్లో పొయ్యి ముట్టించడం మానేశారా, పొగ కనిపించడం లేదని మామయ్య అడిగారు. పొగ వస్తూనే ఉంది.

బావకు నా సలాం చెప్పు.

బూజెమా


షెర్షెల్,
23 ఫిబ్రవరి 1982

బూజెమా,

పది వాక్యాలు కూడా లేని నీ ఉత్తరం పది సార్లు చదివాను. రోజూ ఆ దారుల్లో లోడు తోలే హమ్మూ బండికి సరిగ్గా ఇప్పుడే పని వచ్చిందా? నువ్వు చిన్నప్పుడు అబద్ధం చెబితే నేల చూసేవాడివి. ఇప్పుడు ఉత్తరంలో కూడా నేల చూస్తున్నావు.

మా ఇల్లు రెండు గదులనా? మా మంచాలు మీకు చాలవనా? పదకొండేళ్ల కిందట నేను వచ్చినప్పుడు మీ బావ రాలేదన్న కోపం ఇంకా ఉందా? ఆయనకు అప్పుడు రేవులో పని వదలలేదని నీకు తెలుసు. ఆయన ఇప్పుడు మామయ్య కోసం వెనక గదికి సున్నం వేయించారు. మీరు రావడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బండి బాగైపోతుంది అని మాత్రం అన్నాను. నీ అబద్ధాన్ని నేను కూడా మోస్తున్నాను.

తారీఖులు ఎందుకడిగానో చెబుతాను. ఇది మామయ్యకు చదవకు. అల్జియర్స్‌లో పెద్ద కళ్ల డాక్టరు ఉన్నాడు. ఆయన్ని చూడాలంటే నెల ముందు వెళ్లి పేరు, రోజు రాయించుకోవాలి. రెండుసార్లు వెళ్లి వరసలో నిలబడ్డాను. ఏ రోజు అని వాళ్లడుగుతారు, ఏ రోజని నేను చెప్పను? మీరు ఎన్నాళ్లుంటారో తెలిస్తే కదా, ఒకవేళ కంటికి కత్తి పడాలంటే తర్వాత ఎన్ని రోజులు నా దగ్గర పడుకోబెట్టుకోవచ్చో తెలిసేది. ముందే తెలిస్తే మామయ్య బండి ఎక్కరని నీకు కూడా రాయలేదు. చివరికి నా అంతట నేనే ఏప్రిల్ ఎనిమిది అని రాయించి వచ్చాను.

ఆయన చూపు తగ్గిపోతుంటే నువ్వు నాకు బండి గురించి రాస్తావా?

యమ్నా


తిమీమూన్,
10 మార్చి 1982

అక్కకు, సిగ్గుతో సలాం.

బండి బాగానే ఉంది. నేను రాసింది అబద్ధమే. జరిగింది ఇది.

నీ మొదటి ఉత్తరం మామయ్యకు గట్టిగా చదివాను. గీత ఉంటుందన్న చోట రెండుసార్లు చదివించుకున్నారు. చప్పుడు ఆగదన్న చోట మూడుసార్లు. ఎన్ని రోజులుంటారు, ఎప్పుడు బయల్దేరతారు అన్న చోటికి రాగానే టీ గ్లాసు కింద పెట్టేశారు. "మనమింకా చెప్పుల్లో కాళ్లు పెట్టలేదు, అది అప్పుడే వాటిని వీధి వైపు తిప్పింది" అన్నారు. మన ఊళ్లో వచ్చినవాణ్ణి పేరు కూడా మూడు రోజుల దాకా అడగరు. పోయే రోజు ఎలా అడుగుతారు? నువ్వు మన పద్ధతి మర్చిపోయావని ఆయన అనుకున్నారు. బావే అడగమన్నారేమోనని నేను అనుకున్నాను. ఆ మాట నీకు రాయడానికి చెయ్యి ఆడలేదు. అందుకని బండి మీద పెట్టాను.

రెండో ఉత్తరం కూడా అలవాటు కొద్దీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. చదవకు అన్న మాట దగ్గర ఆగిపోయాను. మామయ్య వెంటనే పట్టుకున్నారు. "చదువుతూ చదువుతూ ఏదో మింగావు. కక్కు." కక్కాను. ఆ చోటు మళ్లీ చదివించుకున్నారు. తర్వాత నవ్వారు. "డాక్టరు కోసమా పిచ్చిది అడిగింది. అయితే చెప్పులు మళ్లీ ఇటు తిప్పు."

వస్తానన్నారు. రెండు షరతులు పెట్టారు. ఒకటి, డాక్టరు దగ్గరికి రారు. కళ్లలో లైటు కొట్టించుకోవడం ఒకసారి చాలట. నేను మాటిచ్చాను, నువ్వు కూడా ఇవ్వాలి. రెండు, తన పలుగు బండిలో పెట్టాలి. హమ్మూ ఊరుకోడు కదా, "పలుగెందుకు తాతా, సముద్రాన్ని తవ్వడానికా?" అన్నాడు. "అంత పని ఎవరో ముందే తవ్వి ఉంటారురా. ఎక్కడ ఆపారో కనుక్కోవద్దూ" అన్నారు మామయ్య.

నా మౌనం వల్ల ఒక నెల పోయింది. ఆ నెలలో ఆయన తలుపు కనిపించే చోటి నుంచి తలుపు నుదుటికి తగిలే చోటికి వచ్చారు. నీళ్లు ఎంత తగ్గాయో కొలవడం నాకు తెలుసు. ఇది ఎలా కొలవాలో తెలియదు. ఇసుక గాలి తగ్గిన రోజునే బయల్దేరతాం.

బావకు చెప్పు, సున్నం వేసిన గది ఖాళీగా ఉండదని.

బూజెమా


లగ్వాత్,
2 ఏప్రిల్ 1982

అక్కకు,

ఎనిమిది ముళ్లు దాటాం. నాలుగున్నర మిగిలాయి. ఈ కార్డు కన్నా మేమే ముందు చేరతామేమో.

ఎల్ గోలియా నీళ్లు తియ్యగా ఉన్నాయి. మామయ్య ఆరోగ్యం బాగుంది. దారి పొడుగునా ఏముందో చెప్పమంటున్నారు. హమ్మూ చెబుతున్నాడు. ఒక్కోసారి లేనివి కూడా చెబుతున్నాడు. ఇక్కడి నుంచి చలి మొదలవుతుందట.

పలుగు ఆయన ఒళ్లోనే ఉంది.

బూజెమా


తిమీమూన్,
24 ఏప్రిల్ 1982

యమ్నా అక్కకు,

నీ చేతి తిండి తిన్నవాళ్లందరం క్షేమంగా చేరాం. నువ్విచ్చిన నారింజలు ఊళ్లో ఇంటికొకటి పంచాను. మూడు ఇళ్లవాళ్లు తినకుండా అరుగు మీద పెట్టుకుని చూస్తున్నారు.

మీ ఇంట్లో తొమ్మిది రోజులున్నాం. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడి నుంచి రాస్తున్నాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదని నీకు తెలుసు.

మామయ్యకు చూపు లేదు. మీ గుమ్మం ఎక్కేసరికే లేదు.

గర్దాయాలో పడుకుని లేచాక, "బూజెమా, ఇంకా తెల్లవారలేదా" అని అడిగారు. ఎండ ఆయన మొహం మీద ఉంది. నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైంది. నమాజు చేసి వచ్చి కూర్చున్నారు. బండి వెనక్కి తిప్పమని హమ్మూతో అన్నాను. నా పని చెడిపోయింది, ఇక ముందుకు పోవడంలో అర్థం లేదనిపించింది.

"ఎందుకు తిప్పడం?" అన్నారు మామయ్య.

"చూడ్డానికని కదా మామయ్యా బయల్దేరింది."

"చూస్తానని నేనెప్పుడన్నాను? అక్కడికి పోదామన్నాను. చూపించాలని పట్టుబట్టింది నువ్వూ మీ అక్కా."

నేను పుస్తకం తీసి జనవరి పేజీ చూశాను. ఆయన చెప్పిందే నిజం. పోదామా అని ఉంది. నా చేతి రాతే.

"సొరంగంలో దీపం గాలి తాగేస్తుందని ఆర్పేసేవాళ్లం," అన్నారు. "యాభై ఏళ్లలో నేను ఒక్క ఊట కూడా కళ్లతో కనిపెట్టలేదు. నీళ్ల దగ్గరికి పోవడానికి కళ్లెందుకురా? పద."

నీకు చెప్పొద్దని లగ్వాత్‌లో నా చేత ఒట్టు వేయించుకున్నారు. అది పిల్ల, ముప్ఫై అయిదేళ్లు పట్టి నాకు చూపించాలనుకుంది, దాని సంతోషం చెడగొట్టొద్దు అన్నారు. మొదటి సాయంత్రం నువ్వు మమ్మల్ని ఒడ్డుకు తీసుకెళ్లినప్పుడు, "నువ్వు రాసినట్టే ఉందే, గీత కూడా ఉంది" అన్నారు కదా. అదంతా నీ ఉత్తరాల్లో విన్నదే. నువ్వు ఏడ్చావు. నేను నేల చూశాను.

కానీ అక్కా, నీకు తెలియనివి ఇంకా రెండున్నాయి.

బ్లీదా దాటి పడమటికి వస్తుంటే రెండు వైపులా తోటలు. ఎదురుగా గుట్ట. హమ్మూ పాడుకుంటున్నాడు. మామయ్య ఉన్నట్టుండి అతని భుజం మీద చెయ్యి వేసి ఆపమన్నారు. ఇంజను కూడా ఆపించారు. బండి దిగి, తలపాగా చెవుల పైకి జరుపుకుని నిలబడ్డారు. నాకు ఆకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "ఎదురుగా, కాస్త కుడికి," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "బూజెమా, ఇన్ని నీళ్లు ఒక్కచోట ఉండకూడదే" అన్నారు. రెండు చేతులతో బండి తలుపు పట్టుకున్నారు. నాన్న శవాన్ని పైకి తీసిన రోజు కూడా ఆయన దేన్నీ పట్టుకుని నిలబడలేదు. గుట్ట ఎక్కడానికి ఇంకా చాలా దారి ఉంది. ఎక్కాక నేను చూశాను. హమ్మూ పాట ఆపేశాడు. ఏదో ఒకటి రాద్దామని పుస్తకం తెరిచి, మళ్లీ మూశాను. ఆ పేజీలో తారీఖు మాత్రమే ఉంది.

రెండోది మూడో రోజు పొద్దున జరిగింది. నువ్వు రొట్టెలు కాలుస్తున్నావు. రాళ్ల దగ్గరికి తీసుకెళ్లమన్నారు, పలుగు తెమ్మన్నారు. జారిపోకుండా ఆయన తలపాగా కొస నేను చేతికి చుట్టుకున్నాను. నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చున్నారు. ఒక దోసిలి నోట్లో పోసుకుని ఉమ్మేశారు. "ఇదా సంగతి. జనం పంచుకుంటామని కొట్టుకోకుండా పైవాడు ఉప్పు వేసి పెట్టాడు" అన్నారు. ఆ తర్వాత తల కొంచెం వంచి వింటూ కూర్చున్నారు. ఎంతసేపంటే, నా కాళ్లు తిమ్మిరెక్కి, మళ్లీ పోయి, మళ్లీ ఎక్కాయి. కొలిచేవాణ్ణి కాబట్టి నేను అలల్ని లెక్కపెట్టబోయాను. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో తెలియక మానేశాను.

అప్పుడాయన పలుగు తీసుకుని రాయి మీద మూడు దెబ్బలు కొట్టారు.

నీకు గుర్తుండాలి. బావి అడుగున నీళ్లు తగిలినవాడు గోడ మీద మూడు దెబ్బలు కొడతాడు. పైనున్నవాళ్లు నోటితో ఏమీ అనకుండా, విన్నామన్నట్టు తాడు ఒక్కసారి లాగుతారు. నాన్న పోయాక ఆయన కోసం పైన తాడు పట్టుకున్నది నువ్వూ నేనే. నీకు పెళ్లయ్యేదాకా ఇద్దరం.

అక్కడ తాడు లేదు. చేతికి చుట్టుకున్న తలపాగా కొస ఒక్కసారి లాగాను.

ఆయన నవ్వలేదు, ఏడవలేదు. తల ఊపారు. కాసేపయ్యాక, "పద, రొట్టె మాడుతోంది" అన్నారు. మేం వచ్చేసరికి నిజంగానే ఒకటి మాడింది.

డాక్టరు దగ్గరికి పోదామని నువ్వు రోజూ పోరుతావని భయపడ్డాను. రెండో రోజు నుంచి ఆ మాటే ఎత్తలేదు. నా మాట నిలబెట్టావు. నేను మాత్రం ఆయనకిచ్చిన ఒట్టు ఇప్పుడు తప్పాను. ఆ పొద్దున అక్కడ నేనొక్కణ్ణే ఉండడం న్యాయం కాదనిపించింది. తాడు మనిద్దరిదీ.

నీ తమ్ముడు,
బూజెమా


షెర్షెల్,
6 మే 1982

నా తమ్ముడు బూజెమాకు,

నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాయగలవని తెలిస్తే ముప్ఫై అయిదేళ్లు నీ ఉత్తరాల్లో గాలీ నీళ్ల వార్తలతో సరిపెట్టుకునేదాన్ని కాదు.

మామయ్యకు చూపు లేదని మొదటి సాయంత్రమే నాకు తెలుసు. ఒడ్డున నిలబడి గీత కూడా ఉందన్నారు చూడు. ఆ సాయంత్రం గీత లేదు బూజెమా. మబ్బు నీళ్ల మీదికి దిగి ఆకాశం, సముద్రం ఒక్కటైపోయాయి. ఒడ్డు నుంచి నువ్వు చూడడం అదే మొదటిసారి, నీకు తెలియలేదు. నేను ఏడ్చింది సంతోషంతో కాదు. నా ఉత్తరాల్లోని మాటలన్నీ ఆయన అంత జాగ్రత్తగా మనసులో దాచుకున్నారని.

ఇంటికొచ్చి టీ ఇస్తే ఆయన చెయ్యి గ్లాసుకు జానెడు అవతల వెతికింది. ఆ తర్వాత ప్రతిసారీ గ్లాసు ఆయన వేళ్లకు తగిలేలా పెట్టాను. నువ్వు గమనించలేదు. నీకు తెలియదేమో, తెలిస్తే కుంగిపోతావేమోనని నీకు చెప్పలేదు. మీ బావకు చెప్పాను. ఆయన వెనక గది గుమ్మానికి అడ్డంగా ఉన్న పెట్టెను చప్పుడు లేకుండా తీసి అవతల పెట్టారు.

ఎనిమిదో తారీఖున బజారుకని వెళ్లి సాయంత్రం దాకా రాలేదు కదా నేను. అల్జియర్స్ వెళ్లాను. రాయించుకున్న రోజు పోనివ్వడం ఇష్టం లేక ఒక్కదాన్నే వెళ్లి డాక్టరుకు అన్నీ చెప్పాను. అలా పోయిన చూపు మళ్లీ రాదన్నాడు. ఎంత తొందరగా తెచ్చినా ఉన్నది నిలిపేవాళ్లమే గానీ అన్నాడు. ఆ గానీ తర్వాత నేను వినలేదు. ఆ నెల గురించి నువ్వు బాధపడుతుంటావు. తారీఖులు అడిగింది నేను, బండి సాకు చెప్పింది నువ్వు, చెప్పులు తిప్పింది ఆయన. ముగ్గురం సమంగా పంచుకుందాం. నువ్వే రేకు పెట్టి కొలువు.

నీ ఉత్తరం చదివి లేచి తిన్నగా రాళ్ల దగ్గరికి వెళ్లాను. పొయ్యి మీద కూర వదిలేసి వెళ్లానని మీ బావ ఇప్పటికీ దెప్పుతున్నారు. ఏ రాయో నువ్వు రాయలేదు. నాకు వెతకక్కర్లేకపోయింది. మూడు గాట్లున్నాయి, పక్కపక్కన, వేలు పట్టేంత. అల వచ్చినప్పుడల్లా వాటిలో నీళ్లు నిండి, నెమ్మదిగా ఖాళీ అవుతున్నాయి. ముప్ఫై అయిదేళ్లుగా రోజూ చూస్తున్న నీళ్లు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఇంత పెద్దదని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

లేచే ముందు ఒక గులకరాయి తీసుకుని ఆ గాట్ల పక్కన మూడు దెబ్బలు కొట్టాను.

మామయ్యకు ఇది గట్టిగా చదువు. ఏమీ మింగకు. చదివాక తాడు లాగండి.

యమ్నా